మోటారు కాలకుండా చూసే డబ్బా

1984లో ఉగాది వెళ్లిన మూడో రోజు, పొద్దున తొమ్మిది గంటలు. కాలిన మోటారుతో మానుకోట బస్టాండులో కూర్చున్నాం. వైండింగ్ దుకాణం ఇంకా తెరవలేదు. ఇంటికాడ వరి ఈనే ముందు పొట్ట మీదుంది, నీళ్లు లేవు. పక్కనున్న ఎవరో మనిషి సంచిలోంచి చిన్న డబ్బా తీశాడు.

"గిది స్టార్టర్‌కు పెట్టుకో అన్నా. మనం పెట్టిన వోల్టేజీతోని వచ్చే వోల్టేజీని పోల్చి చూస్తది. తక్కువొస్తే మోటారును నడవనియ్యది. ఇగ కాలదు."

"మా ఊర్లె ఎప్పుడూ తక్కువే వస్తది," అన్నాను.

"అయితే మోటారు కలకాలం కొత్తగనే ఉంటది," అని నా భార్య మల్లమ్మ నవ్వింది. "మరి వరో, తమ్మీ?"

అతను డబ్బాను కాసేపు చేతిలో తిప్పాడు. "వరికి నా దగ్గర ఏం లేదక్కా," అని దాన్ని సంచిలో పెట్టేసుకున్నాడు.

వరి పోతుందని మాకు అక్కడే తెలిసిపోయింది. అయినా మోటారుకు కొత్త తీగ చుట్టించడానికే పోయాం. నెలాఖరుకు ఎండిన మడిలో పశువులను విడిచాం.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, మల్లమ్మ, బస్సు మీద నుంచి మోటారు దింపిన మా తమ్ముడు సోమయ్య, పేరైనా అడగని ఆ మనిషి.