సంతకం మరచిపోని మనిషి

మంగళవారం ఉదయం పాల ప్యాకెట్టు కత్తిరిస్తుండగా ఫోను మోగింది. అవతల సారు భార్య పోలమ్మ గారు. "దానేలు బాబూ, తెల్లారగట్ల మీ సారు కన్ను మూసీసేరు" అన్నారు. పాలు గిన్నెలో సగం, గట్టు మీద సగం పోశాను.

విశ్రాంత నౌకాదళాధికారి, లెఫ్టినెంట్ కమాండర్ నూకరాజు గారు ఇక లేరన్న వార్తను అంగీకరించడానికి నా బుద్ధికి ఆ రోజంతా చాల్లేదు. ధీరోదాత్తుడు, సత్యసంధుడు, నిరాడంబరుడు అని రాయమని కలం తొందరపెడుతోంది. ఆ విశేషణాలన్నిటికీ ఆయన అర్హుడే. అయితే ఆయన పక్కన కూర్చుని ఉంటే, "అయ్యన్నీ ఎందుకురా, జరిగింది రాయి" అనేవారు. జరిగింది రాస్తాను. అందులో నా తప్పు ఉంది. నిజం చెప్పాలంటే ఎక్కువ భాగం నా తప్పే.

ఆయనది సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి, తాత, ముత్తాత అందరూ వేటకు వెళ్లినవాళ్లే, కాగితం ఎదురైతే బొటనవేలు సిరాలో ముంచినవాళ్లే. ఆ ఇంట్లోంచి ఈయన మామూలు నావికుడిగా చేరి, ఓడ వంటగదిలో గిన్నెలు తోమి, డెక్కు కడిగి, పరీక్ష మీద పరీక్ష రాసి అధికారి అయ్యారు. భుజాల మీద పట్టీలు వచ్చిన రోజు కంటే, మొదటిసారి ఒక కాగితం కింద సంతకం పెట్టిన రోజే తనకు పెద్ద పండగని చెప్పేవారు.

ఆయన సంతకం పెట్టే తీరు చూసి తీరాలి. ముందు టోపీ తీసి పక్కన పెట్టేవారు. కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివేవారు. అప్పుడు ఇంటిపేరుతో సహా, తెలుగులో, ఒక్క అక్షరం మింగకుండా రాసేవారు. వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కునేవారు. "పొట్టి సంతకం ఒకటి అలవాటు చేసుకోండి సార్, పని తెములుతుంది" అని నేనే ఒకసారి అన్నాను. "మా బాబుకి పేరు రాయడం రాక ఏలు ఎట్టీసేడు. నాకు వొచ్చు గదరా, పొట్టిగా ఎందుకు రాత్తాను?" అన్నారు.

అలాంటి మనిషి సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఉంది. "అధికారి సంతకం చేయుట మరచి ఓడతో వెళ్లిపోయినందున పదోన్నతి పత్రాలు గడువులోగా అందలేదు." ఆ వాక్యం వల్ల ఆయన ప్రమోషన్ తేదీ ఒక ఏడాది వెనక్కి పోయింది. తన కింద పని నేర్చుకున్న కుర్రాళ్లు జాబితాలో తన పైకి వెళ్లారు. ఆ తరవాతి హోదాకు వయసు దాటిపోయింది. ఒక ఓడకు అధిపతిగా నిలబడాలన్న కోరిక తీరకుండానే రిటైరయ్యారు. అయితే ఆయన్ని కోసింది ఇవేవీ కావు. "వేలిముద్రలోళ్ల కొడుకు సంతకం మర్సిపోయేడంట" అని తనలో తనే అనుకుని నవ్వేవారు. ఆ నవ్వు నాకు సూదిలా గుచ్చుకునేది. ఎందుకంటే ఆ వాక్యానికి మూలం నా నోరు.

నౌకాదళం ఓడల కాగితాలు చూసే తీరపు ఆఫీసులో నేను గుమాస్తాని. తగరపువలస నుంచి బస్సులో వచ్చి కొత్తగా చేరిన రోజులు. ఒక పొద్దున నూకరాజు గారు మా ఆఫీసులో ఏదో కాగితం చూసుకుని, ఓడ ఎక్కడానికి గుమ్మం దాటారు. బల్ల మీద టోపీ ఉండిపోయింది. "సార్! టోపీ!" అని వెనక నుంచి అరిచాను. ఆయన ఠక్కున ఆగి, వెనక్కి వచ్చి, నా కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగి తాగారు. పది నిమిషాలు అలాగే ఉండి మళ్లీ కొత్తగా బయలుదేరారు. ఆలస్యమైనందుకు ఆ రోజు ఓడలో చీవాట్లు తిన్నారట.

సాయంత్రం వచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "సంద్రానికెళ్లే వోడిని ఎనక నుంచి పిలవకూడదురా. పిలిత్తే ఆ పయనం అక్కడితో ఆగిపోవాలి. ఎనక్కొచ్చి కూకుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎల్లాలి. మా బాబుని పక్కింటోడు పిలిసేడు, వలకి కట్టే గుండు మర్సిపోనావని. బాబు కూకోలేదు. గుండు అందుకుని అలాగే ఎల్లిపోనాడు. మరి రాలేదు." మాది క్రైస్తవ కుటుంబం, ఇలాంటివి మా ఇంట్లో లేవు. అయినా తండ్రిని పోగొట్టుకున్న మనిషి చెప్తుంటే వాదించడానికి నోరు రాదు. ఇంకెప్పుడూ పిలవనని మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోవడమే మా ఇద్దరి కొంపా ముంచింది. మరుసటి ఏడు ఆయన ప్రమోషన్ పత్రాలు తయారయ్యాయి. అన్ని పేజీల మీదా సంతకాలు చేశారు. చివరి పేజీలో నేను టైపు తప్పు కొట్టాను. "మళ్లీ కొట్టి మధ్యాహ్నం తెస్తాను సార్" అన్నాను. మధ్యాహ్నం కాకుండానే ఓడకు కదలమని ఉత్తర్వు వచ్చింది. కాగితం పట్టుకుని జెట్టీకి పరిగెత్తాను. ఆయన ఓడలోకి వేసిన మెట్ల మీద ఉన్నారు. వీపు నా వైపు. గట్టిగా ఒక్క కేక వేస్తే సరిపోయేది, సంతకానికి అర నిమిషం చాలు. నోరు తెరిచాను. వల గుండు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. మెట్లు ఎత్తేశారు, ఓడ కదిలింది.

నాలుగు నెలల ప్రయాణం. మధ్యలో తుపాను పట్టుకుని, ఇంజను ఆగి, రెండు రోజులు గాలి ఎటు కొడితే అటు కొట్టుకుపోయారట. అందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఈలోగా గడువు దాటింది, జాబితా మూసేశారు. పై ఆఫీసు నుంచి ఎందుకు అందలేదని ప్రశ్న వచ్చింది. మా సూపరింటెండెంటు నా బల్ల ముందు నిలబడి అడిగాడు. నాకు ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. జెట్టీ మీద నిలబడి కూడా పిలవలేదంటే ఎవరు నమ్ముతారు, నమ్మినా ఎవరు క్షమిస్తారు? "ఆయనే సంతకం పెట్టడం మరిచిపోయి వెళ్లిపోయారండీ. ఓడ కదిలాక చూసుకున్నాను" అన్నాను. ఆ మాటే కాగితమెక్కింది.

ఇక్కడ నిబంధన ఒకటి చెప్పాలి. జాప్యం కార్యాలయానిదైతే తేదీ సరిచేయవచ్చు. అధికారిదైతే చేయకూడదు. నూకరాజు గారు ఏడాదికొక అర్జీ పెట్టేవారు. ఏడెనిమిది నెలలకు జవాబు వచ్చేది, "జాప్యానికి అధికారే కారకుడు కనుక పరిశీలించజాలము" అని. మళ్లీ అర్జీ, మళ్లీ అదే జవాబు. గానుగెద్దులా తిరిగాం. తిరిగాం అనడం ఎందుకంటే, ఆ అర్జీలన్నీ టైపు చేసింది నేనే.

మా ఆవిడ ఉక్కు కర్మాగారం బడిలో టీచరు కావడంతో ఉక్కునగరం క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆయన రెండు బస్సులు మారి వచ్చేవారు. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో పోలమ్మ గారు పంపిన చేపల పులుసు. జవాబులు కూడా మా చిరునామాకే రప్పించుకునేవారు. వరండాలో నా ఎదురుగా కూర్చుని, "రాయి బాబూ, సవినయంగా" అనేవారు. "సంతకం విషయంలో నా వల్ల పొరపాటు జరగలేదని మనవి" అన్న చోటికి వచ్చేసరికి ప్రతిసారీ నా వేళ్లు బిగుసుకుపోయేవి. ఒక్క మాట చెబితే ఆయనకు విడుదల. ఆ మాట చెప్పాలంటే నేను మునగాలి. ఒకే గదిలో ఇద్దరం ఇరుక్కుని, తాళంచెవి నా జేబులో పెట్టుకుని, తలుపు తియ్యమని బయటివాళ్లకు అర్జీలు రాస్తున్నట్టుండేది. ఆదివారం చర్చిలో తల వంచి దేవుడికి చెప్పుకునేవాణ్ని. చెప్పవలసిన మనిషికి మాత్రం ముప్ఫై ఏళ్లు చెప్పలేదు. పర్మనెంటయ్యాక కూడా చెప్పలేదు. అబద్ధం పాతబడేకొద్దీ గట్టిపడుతుంది, అది నా అనుభవం.

రిటైరయ్యాక ఆయన రోజూ చీకటితోనే ఫిషింగ్ హార్బరుకు వెళ్లేవారు. అక్కడ ఐసుపెట్టె మూత మీద కూర్చుని బోటువాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టేవారు. ఎవరైనా వేలిముద్ర వేయబోతే ఒప్పుకునేవారు కాదు. చేపలు వేలం పాడే ఒకామెను పట్టుకుని నెల రోజులు పేరు రాయించారు. "సేపలు అమ్ముకోవాలా, ఓనమాలు దిద్దుకోవాలా సారూ?" అని ఆవిడ విసుక్కుంటే, "రెండూ సేత్తావులే. రేపు నీ మాట కాదని ఎవడైనా అంటే నీ పేరే నీకు సాక్షి" అన్నారు. ఆ రోజు పక్కనే ఉన్నాను. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

నిరుడు నేనూ రిటైరయ్యాను. ఆ నెలలోనే ఆయన మళ్లీ ఫైలు పట్టుకుని వచ్చారు. మనిషి చిక్కిపోయి, నాలుగు మెట్లెక్కడానికే ఆయాసపడ్డారు. కూర్చుని, "రాయి బాబూ" అన్నారు.

"ఇది నేను కొట్టను సార్" అన్నాను.

"ఏటి, సేతి ఏళ్లు నొప్పులా?"

"కాదు సార్. ఆ రోజు ఓడ కదలకముందే నాకు తెలుసు. జెట్టీ మీదకు వచ్చాను. మీరు మెట్ల మీద..."

"తెలుసు" అన్నారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "మెట్లెక్కీసి పైనుంచి సూసేను. సేతిలో కాగితం అట్టుకుని నిలబడ్డావు. నోరు తెరిసున్నావు. నాను సూసీసరికి మూసీసేవు. దిగుదునంటే మెట్లు ఎత్తీసేరు."

ఆయన మామూలుగా, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పారు. "ఆరోజు నువ్వు పిలవకపోడం తప్పు కాదురా. నాను నేర్పిందే సేసేవు. తుపానులోంచి బతికొచ్చీసేను గదా. కానీ ఒడ్డుకొచ్చీసేక పిలవొచ్చు గదా, దానేలూ. ఇన్నేళ్లు నీ ఎదరే కూకున్నాను."

నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. ఎందుకు దాచాలి? ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ ఉంది. "మీరే రాయొచ్చు కదా సార్! కనీసం నన్ను అడగొచ్చు కదా!" అని అరిచాను.

"రాత్తే నీ ఉజ్జోగం పోద్ది. అడిగితే నువ్వు మళ్లీ అబద్ధమాడతావు. నాకు రెండూ ఇష్టం లేదు" అన్నారు.

ఆ పూటే జరిగినదంతా నా వాంగ్మూలంగా రాశాను. ఆయన ఎప్పట్లాగే మొదటి అక్షరం నుంచి చదివారు. "మూఢనమ్మకము వలన పిలువలేదు" అని నేను రాసిన చోట ఆగి, "మూఢనమ్మకము" కొట్టేసి, పైన "కట్టుబాటు" అని రాశారు. తక్కినదంతా అలాగే ఉంచమన్నారు. నేను సంతకం పెడుతుంటే, ఇంటిపేరుతో సహా నిండుగా రాసేదాకా చూస్తూ కూర్చున్నారు.

వాంగ్మూలం వెళ్లి ఏడు నెలలైంది. పోయిన ఆదివారం ఫోను చేసి, "ఏటైనా వొచ్చిందేటి?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "రాకపోతే పోనీలేరా. నువ్వు సెప్పీసేవు గదా" అన్నారు. అదే నేను విన్న ఆయన ఆఖరి మాట.

మంగళవారం తేరుకుని చెప్పులేసుకునేసరికి పదకొండయింది. గేటు తీస్తుంటే పోస్టుమాన్ ఎదురొచ్చాడు. రిజిస్టర్డు కవరు. ఆటోలో చింపి చదివాను. "జాప్యానికి అధికారి కారకుడు కాడు" అని ఒక వాక్యం. కింద ఆయన పూర్తి పేరు. పేరు పక్కన ప్రమోషన్ తేదీ, ఏడాది ముందటిది, అసలైనది. దారంతా ఆ ఒక్క పేజీనే చదువుకుంటూ వెళ్లాను. ట్రాఫిక్కులో ఆటో ఆగినప్పుడల్లా దిగి పరిగెత్తాలనిపించింది.

నేను వెళ్లేసరికి వాకిలి ఖాళీగా ఉంది. పాడె అప్పటికే సందు చివర మలుపు దగ్గరికి చేరింది, సముద్రం వైపు. ముందు డప్పులు మోగుతున్నాయి. హార్బరు మనుషులందరూ ఉన్నారు. మళ్లీ నేను వెనకాల, మళ్లీ నా చేతిలో కాగితం.

ఈసారి నోరు మూసుకోలేదు. "సార్!" అని గొంతు చించుకుని పిలిచాను. జనం గిరుక్కున తిరిగారు. ఒక ముసలాయన, "ఎల్లే వోడిని ఎనక నుంచి పిలుత్తావేటిరా, పయనం ఆగిపోద్ది!" అని కసిరాడు. ఆగిపోతుందనే కదా నాకు ఆయన నేర్పింది. మళ్లీ పిలిచాను. మూడోసారి కూడా పిలిచాను. టోపీ మరిచిపోయారని పిలిచిన రోజున ఒక్క కేకకే వెనక్కి వచ్చి, నా కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగారు. మంగళవారం ఆయన ఆగలేదు.