పాస్టరు పట్టుకున్న మణికట్టు

నిన్న జగిత్యాలలో రక్తపరీక్షకు వెళ్తే, స్పిరిట్ వాసనకు మా చిన్నప్పటి కోరుట్ల పాస్టరు గుర్తొచ్చాడు. పేరున్న డాక్టర్ల ఇంట్లో పుట్టి, డాక్టరు చదువు మధ్యలో మానేసి, అన్నకు పగవాడై మా వాడకు వచ్చినవాడు.

చెల్లికి జ్వరం తగ్గకపోతే నాన్నను కన్న మా బాపమ్మ ప్రార్థన కోసం ఎత్తుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఏ పాస్టరైనా తలమీద చెయ్యి పెడతాడు. ఇతడు మణికట్టు పట్టుకున్నాడు. ప్రార్థన మధ్యలోనే ఆపేశాడు.

"అవ్వా, జగిత్యాలల మా అన్న దవాఖానకు తీస్కపో. నా పేరు చెప్పకు."

"మీ అన్న దుకాణానికి గిరాకి పంపుతున్నవా? నమ్మకం లేనోనికి గీ తెల్లంగి ఎందుకయ్యా?" అంది బాపమ్మ.

అతడు తల దించుకున్నాడు. నాకు అసహ్యం వేసింది.

భయం కొద్దీ వెళ్లాం. "ఎవరు పంపిండ్రు?" అని డాక్టరు అడిగితే, బాపమ్మ కసిగా, "మీ తమ్ముడే" అంది.

"మా ఇంటి పరువు తీసినోడు మీకు పాస్టరా?" అని కసురుతూనే ఆయన సూది వేశాడు. చెల్లి బతికింది.

కృతజ్ఞత కానుక మేం వేరే చర్చిలో వేశాం. పాస్టరు ఎదురైతే బాపమ్మ మొహం తిప్పుకునేది. అతడు మాత్రం ఆగి, ఆడుకుంటున్న చెల్లిని కాసేపు చూసి వెళ్లేవాడు. మమ్మల్ని వెక్కిరిస్తున్నాడనుకునేవాణ్ణి. ఆపేసిన ప్రార్థనను ముగించుకుంటున్నాడేమోనని నిన్ననే తోచింది.