కోళ్ల నీళ్లలో తెల్లపొడి

లక్ష్మీనర్సమ్మ పదకొండేళ్లు షాద్‌నగర్ దగ్గర కోళ్ల షెడ్డులో పనిచేసింది. పొద్దున్నే నీళ్ల ట్యాంకులో తెల్లపొడి కలపడం ఆమె పని. కోళ్లకు జబ్బున్నా లేకున్నా కలపాల్సిందే. మందుల ఏజెంటు శ్రీపతి చెప్పిన పద్ధతి అది. మోకాళ్లు అరిగాక భర్త భూమయ్యతో నాంపల్లికొచ్చి, స్టేషన్ వెనక సందులో చికెన్ కొట్టు పెట్టుకుంది.

మొన్నటి వానాకాలం కత్తి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి పనిలో పడింది. నాలుగోరోజుకు చెయ్యి మణికట్టు దాకా వాచింది. దవాఖానలో రెండు రకాల సూదులు వేసినా జ్వరం దిగలేదు. చీము పరీక్ష చేయించిన డాక్టర్ సంహిత, పనిచేయని మందుల పేర్లు పైకి చదివింది. షెడ్డులో శ్రీపతి నోట విన్న మందు పేరే మూడోది కావడంతో లక్ష్మీనర్సమ్మ లేచి కూర్చుంది.

“గది కోళ్ల మందు గదా డాక్టరమ్మా! నా చేత్తోనే పోసిన.”

“మనుషులకూ అదే మందమ్మా. ఊరికే రోజూ వేస్తే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. మాంసంతో, రెట్టతో మన దాకా వస్తాయి. నీకు ఎక్కడ అంటిందో చెప్పలేను గానీ, అదీ ఒక దారే.”

వేలు రెండు కణుపులు తీసేశారు. ఆఖరికి ఒక ఖరీదైన సూదిమందు పనిచేసి ప్రాణం దక్కింది.

కట్టు విప్పిన రోజే, “ఎందుకే లొల్లి?” అని భూమయ్య అంటున్నా వినకుండా అబిడ్స్‌లోని శ్రీపతి ఆఫీసుకు పోయింది.

“సారూ, జబ్బు లేని కోడికి మందెందుకు పోయించినవ్?”

“జల్ది పెరుగుతయని. అందరూ ఏస్తున్నరు, నేనొక్కన్నేనా?”

“నాకు చదువు రాదు. డబ్బా మీద రాసింది నువ్వు చదివినవ్ గదా! రేపు పసిపిల్లకు జ్వరమొస్తే ఏం మందేస్తరు? మీ ఇంట్ల పిల్లల్లేరా?”

“మా ఇంట్ల ఫారం కోడి తినం” అనేశాడు శ్రీపతి.

లక్ష్మీనర్సమ్మకు ఒళ్లంతా మండిపోయింది. “మీరు తినరు! మమ్ముల మాత్రం తినమంటరు!” అని అరిచిన అరుపుకు మెట్ల మీదికి జనం వచ్చారు. వాచ్‌మన్ ఆమెను బయటికి పంపేశాడు.

మర్నాడు కోళ్ల వ్యాను వచ్చింది. “ఈ కోళ్లకు మందు ఆపి ఎన్ని దినాలైంది?” అని లక్ష్మీనర్సమ్మ అడిగింది.

“గవన్నీ ఎవరడుగుతరమ్మా?” అన్నాడు డ్రైవర్ జితేందర్.

“నేనడుగుతున్న.”

జితేందర్ కోళ్ల గంపలు దించబోయాడు. వ్యానును వెనక్కి పంపింది. ఊరికే మందు కలపని రైతు దొరికేదాకా మూడువారాలు కొట్టు మూసే ఉంది. ఆ కోళ్లు చిన్నవి. సగం మంది బేరగాళ్లు పక్క కొట్టుకు పోయారు. శ్రీపతి మీద పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ఆమె రాయించి ఇచ్చిన ఫిర్యాదుకు ఇంతవరకు జవాబు రాలేదు. ప్రతి సోమవారం పోయి, గుమాస్తా ముఖం చిట్లించినా నిలబడి అడుగుతూనే ఉంది.