మూడు ఓడలు, ఒక ఆఖరి పంక్తి

కొంతం చౌక్‌లో చాయ్ తాగుదామని నిలబడితే చాలు, ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేస్తారు. "ఏం రా ఓడోడా, ఏ ఓడల తిండి మస్తుగుంటది? జర చెప్పు." ఉద్యోగం వదిలి వచ్చి రెండేళ్లయినా ఆ పేరు నన్ను వదల్లేదు. ఆరేళ్లు క్రూయిజ్ ఓడల బఫేల్లో పనిచేశాను. మూడు ఓడలు, మూడు రకాలు. అడిగేవాళ్లకి రొయ్యల గురించి, కేకుల గురించి, ధారగా కారే చాక్లెట్ గురించి వినాలని ఉంటుంది. నాకేమో ఆ ప్రశ్న చెవిన పడితేనే ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చాయ్ బండి దగ్గర నిలబడి చెప్పే మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా అక్క గురించి చెప్పాలి. ఈ మరాఠీ ఊళ్లో, తెలుగు నేతగాళ్లుండే భవాని పేట్‌లో మాది ఒక్క గది ఇల్లు. నాన్న కుంఠా నాకాలో ఎవరిదో పవర్‌లూమ్ మీద టవల్స్ నేసేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాకంటే పదేళ్లు పెద్దదైన అక్కే బీడీలు చుట్టి నన్ను పెంచింది, క్యాటరింగ్ కోర్సు చదివించింది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ నా చేత ఇంగ్లీషు పాఠం అప్పజెప్పించుకునేది. తనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "నువ్వు తప్పు చెప్తె నీ మొగం సూస్తెనే నాకు ఎర్కైతది" అనేది. నిజంగానే పట్టేసేది కూడా.

మా వాళ్లలో పెళ్లయినా, కొత్తింటి పూజ అయినా పంక్తి భోజనమే. ఇక్కడి మరాఠీవాళ్లలాగే మేమూ దాన్ని పంగత్ అంటాం. నేల మీద పొడుగ్గా గుడ్డ పట్టీలు పరుస్తారు, వచ్చినవాళ్లు వరసగా కూర్చుంటారు, ఇంటివాళ్లు బకెట్లు పట్టుకుని వడ్డిస్తారు. పెదనాన్న ఇంట్లో అయినా, మేనత్త ఇంట్లో అయినా పప్పు బకెట్ మా అక్కదే. కొంగు నడుముకి దోపుకుని, ఒక్కొక్కరి ముందు వంగి, "ఇంకొంచెం ఎయ్యనా? సిగ్గుపడకు" అని అడుగుతూ పోయేది. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి పోసేది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, చిట్టచివర ఇంటివాళ్లు కూర్చునేవాళ్లు. అప్పటికి పప్పు చల్లారి ఉండేది, బూందీలో పొడి మాత్రమే మిగిలేది. అక్క పక్కన కూర్చుని తింటూ నేను లోపల ఉడికిపోయేవాణ్ని. ఒక్కసారంటే ఒక్కసారి మా అక్క ముందు పంక్తిలో కూర్చుని, పొగలు కక్కే అన్నం, ఒకరు వడ్డిస్తుంటే తినాలి. ఆ వడ్డించేది నేనై ఉండాలి. చిన్నప్పుడు పట్టిన ఆ పంతం నన్ను పెద్దయ్యాక కూడా వదల్లేదు.

మొదటి ఓడ మధ్య తరగతి తెల్లవాళ్లది. అది ఓడ కాదు, ఒక పేట మొత్తాన్ని నీళ్ల మీద పెట్టినట్టు ఉండేది. బఫే పొద్దున మొదలైతే నడుస్తూనే ఉండేది. పదకొండు కౌంటర్లు. ఎవరి గరిటె వాళ్లదే, ఎవరి ఇష్టం వాళ్లదే. ప్లేటులో చేప, దాని మీద కేకు, కేకు పక్కన ఉడికించిన బీన్స్. నాలుగు కేకులు తీసుకుని నాలుగింటినీ తలా ఒక కొరుకు కొరికి వదిలేసేవాళ్లు. నాది ఖాళీ అయిన గిన్నెలు తీసి నిండు గిన్నెలు పెట్టే పని. మూతులు తుడుచుకునే గుడ్డ చేతికి తగలగానే అందులో సగం పాలిస్టర్ అని తెలిసిపోయింది. టవల్ నేసినవాడి కొడుకుని, ఆ మాత్రం తెలియదా? నీళ్లు పీల్చని గుడ్డతో వాళ్లు మూతులు తుడుచుకుని లేచిపోయేవాళ్లు.

ఫోన్లో ఇవన్నీ చెబితే అక్క పడీ పడీ నవ్వేది. అయితే ప్రతిసారీ చివర ఒకటే ప్రశ్న. "మరి మీరెప్పుడు తింటరు రా?" మాకు కింద వేరే మెస్ ఉందని, అక్కడ మాది మాకు వండుతారని చెప్పేవాణ్ని. "అగో, గదేంది? అదే గిన్నెల మిగిలింది తినరా?" అనేది. తినకూడదక్కా, రూలు అనేవాణ్ని. "జాఊ దే, పోనియ్యి, నాకు సమజైతలేదు" అని ఫోన్ పెట్టేసేది. నాకూ అంతకంటే వివరంగా చెప్పాలని తోచలేదు, అదే నా బుర్ర తక్కువ పని.

రెండో ఓడ బాగా డబ్బున్నవాళ్లది. చిన్న ఓడ, కొద్దిమంది జనం. అక్కడి బఫేలో చప్పుడే ఉండదు. గుడ్డలు అసలైన నూలువి, బరువుగా, అంచు మడిచి కుట్టినవి. నేత చూడకుండా ఉండలేక ఒకటి తిరగేసి చూస్తుంటే పెద్ద స్టీవార్డ్ చూపుతోనే కోప్పడ్డాడు. అక్కడ ఎవరూ గరిటె ముట్టుకోరు. వేలితో చూపిస్తే మేము ప్లేటులో పెట్టి, టేబుల్ దాకా మోసుకెళ్లి ముందు పెట్టాలి. వాళ్లు తినేది రెండు ఆకులు, ఒక చేప ముక్క. తినడం అవ్వగానే వంగి, గొంతు తగ్గించి, "ఇంకొంచెం తీసుకుంటారా?" అని అడగాలి. అలా అడగడానికి మాకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. భవాని పేట్‌లో మా అక్క పప్పు బకెట్ మోస్తూ అడిగే మాటే కదా అది. ఓడ తరగతి పెరిగేకొద్దీ మనిషి మళ్లీ పంగత్‌లో కూర్చుంటున్నాడు, కాకపోతే విస్తరి బదులు పింగాణీ. అక్కకి అది ఎవరూ నేర్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు.

ఆ ఓడలో ఇంకో చోద్యం చూశాను. ఆఖరి నిమిషం దాకా ప్రతి గిన్నె నిండుగా కనిపించాలి. మూసే వేళ దగ్గర పడుతున్నా సరే, సగమైన గిన్నె తీసి నిండు గిన్నె పెట్టాలి. టైం కాగానే ఆ నిండు గిన్నె అలాగే చెత్త డబ్బాలోకి. బీద ఓడ, గొప్ప ఓడ అని తేడా లేదు, ఈ ఒక్క విషయంలో అన్నీ అన్నదమ్ములే. మొదట్లో పారబోయడానికి మనసొప్పేది కాదు, తర్వాత అలవాటైపోయింది. అలవాటైనందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకు.

మూడోది ముంబైలో బయలుదేరి గోవా వైపు తిరిగొచ్చే మనవాళ్ల ఓడ. కావాలనే దానికి మారాను. పాస్‌పోర్టు అక్కర్లేదు, పనిచేసేవాళ్ల ఇంట్లోవాళ్లకి కోటా ఉంది. దరఖాస్తు పెట్టి, ఏడాదిన్నర ఎదురుచూసి, సూపర్‌వైజర్ వెంట పడీ పడీ అక్కకీ బావకీ మూడు రాత్రుల పాస్ సంపాదించాను. బఫే చూస్తే మాత్రం పెళ్లివారిల్లు నయం. పావ్‌భాజీ దగ్గర తోపులాట, కుర్చీల మీద ఖర్చీఫులు పరిచి సీటు ఆపుకోవడం, పూరీలు గుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం. మూతులకి కాగితాలు, అవీ తడిస్తే ముక్కలైపోయేవి. అయినా నాకు సంతోషంగానే ఉంది. పప్పు కౌంటర్ అడిగి మరీ వేయించుకున్నాను. మా అక్క వస్తుంది, నా చేతి గరిటెతో వేడి పప్పు వేస్తాను. ఇంకేం కావాలి?

మొదటి రోజు మధ్యాహ్నం బావ నాలుగుసార్లు వచ్చాడు. పవర్‌లూమ్ మీద నిలబడి నిలబడి అలసిన మనిషి, తినడంలో మాత్రం అలసట లేదు. గులాబ్‌జామ్‌లు కుప్ప పోసుకుని, "నేను అల్లుణ్ణి రా, నాకేం సిగ్గు" అన్నాడు. అక్క రాలేదు. దూరంగా అద్దం పక్కన కుర్చీలో, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. చేత్తో రమ్మని సైగ చేస్తే తనూ చేత్తోనే, కానియ్యి కానియ్యి, నీ పని చూసుకో అంది. కౌంటర్ దాటి పోవడానికి నాకు వీల్లేదు. బఫే మూసేశారు.

రాత్రి భోజనానికీ అదే తంతు. రెండో రోజు పొద్దున ఆమె చాయ్ తాగుతుంటే పట్టుకున్నాను. "ఏమైందక్కా, నచ్చలేదా? చెంచాలతోని తినొస్తలేదా? చేత్తోనే తిను, ఎవడేమంటడు?" అన్నాను.

"అయ్యో, గదేం లేదు తమ్మీ. తింట తియ్యి. తొందరేముంది?"

"మరి ఏం తిని ఉన్నవ్ నిన్నటిసంది?"

సంచీ తట్టి చూపించింది. ఇంటినుంచి తెచ్చుకున్న కడక్ భాకరీలు, అప్పడంలా ఎండి పెళుసుబారిన జొన్నరొట్టెలు, ఒక డబ్బా పల్లీల పొడి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నలభై రకాల వంటలున్న చోట ఎండు రొట్టె! "ఏడాదిన్నర కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన అక్కా పాసు. గీ భాకరి తినేటందుకా?" అని అరిచాను. పక్క టేబుల్‌వాళ్లు తిరిగి చూశారు. అక్క ముఖం చిన్నబుచ్చుకోలేదు, "లొల్లి చెయ్యకు, మందిల ఉన్నం" అంది. బావని అడిగితే, "మీ అక్క మొండిది, నీకు తెల్వదా" అని జిలేబీ కోసం వెళ్లిపోయాడు. ఆ రోజూ ఆమె కౌంటర్ దగ్గరికి రాలేదు. నేను పప్పు వేస్తూనే ఉన్నాను, ఎవరెవరికో, వందలమందికి. వేస్తూ ఆమెనే చూస్తున్నాను. ఆమె కూడా నావైపే, కాదు, క్యూ వైపు చూస్తూ కూర్చుంది. పట్నం జనాన్ని చూసి బెరుకు పడుతోందనుకున్నాను. మా అక్కకి బెరుకేంటి అని నాకు తట్టి చావలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. మర్నాడు పొద్దున్నే ముంబైలో దిగిపోవాలి. మూడు కొట్టగానే లైట్లు సగం ఆర్పేశారు. జనం పలచబడ్డారు. నేను పప్పు ట్రే పైకి లాగుతున్నాను. అప్పుడు అక్క లేచింది. కొంగు నడుముకి దోపుకుంది. నా వైపు రాలేదు. టేబుళ్ల మీద ఎంగిలి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ "మేడమ్, మేడమ్" అంటూ పరిగెత్తాడు. నాకు తల తీసేసినట్టయింది.

"ఏం చేస్తున్నవక్కా? నువ్వు ప్యాసింజర్‌వి!"

"గింత ఎంగిలి ఎవలెత్తుతరు, నువ్వొక్కనివేనా?" అంటూ ప్లేట్ల దొంతర తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. చేతులు దులుపుకుంది. ముఖం కళకళలాడుతోంది. "ఇయ్యాల ఖరంచ్, నిజంగనే అందరు లేచిన్రు. చల్, ఇగ మన పంగత్ ఎయ్యి. మస్తు ఆకలైతున్నది తమ్మీ."

నా చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. "మూడు దినాలసంది నువ్వు గీనికే కూసున్నవా?"

"మరి? వడ్డించేటోనివి నువ్వు. నేను నీ ఇంటిదాన్ని కాదా? మీ బావంటె అల్లుడు, తిన్నడు. వచ్చినోళ్లు తినకముందు ఇంటోళ్లు కూసుంటరా ఎక్కడన్న? రోజు సూస్తనే ఉన్న. ఒకలు లేస్తె ఇద్దరొస్తరు. అయిపోయిన్రు అనుకునేలోపు మీరు దబదబ గిన్నెలు లోపటికి గుంజుకపోతరు."

సూపర్‌వైజర్ వైపు తిరిగాను. ఒక్క ప్లేటు, మా అక్కకి, అన్నాను. అతను చెడ్డవాడు కాదు. గడియారం చూపించి, పైన కెమెరా చూపించి, తల అడ్డంగా ఊపాడు. మూసిన తర్వాత ఒక్క మెతుకు బయటికి పోతే ఉద్యోగాలు ఇద్దరివీ పోతాయి. నల్ల చెత్త డబ్బా నా పక్కనే నోరు తెరుచుకుని ఉంది. వెనక ఇంకో ఇద్దరు వాళ్ల ట్రేలతో నిలబడ్డారు. నేను పోశాను. పప్పు, దాని మీద పులావ్, దాని మీద సగం ట్రే హల్వా. పొగలు వస్తూనే ఉన్నాయి.

అక్క చూస్తూ నిలబడింది. "అగో, దాంట్లెందుకు పోస్తున్నవ్?" అంది. తర్వాత చాలా మెల్లగా, "మరి మనోళ్ల పంగత్?" అంది.

"లేదక్కా. ఈడ గసొంటిది ఉండదు."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఓడ మీద, రూలు మీద, ఆ పదకొండు కౌంటర్ల మీద, వేళ్లతో చూపించే గొప్పవాళ్ల మీద. అందరికంటే ఎక్కువ నా మీద. పాతికేళ్లు ఆమె పక్కన ఆఖరి పంక్తిలో కూర్చుని తిన్నవాణ్ని, ఆమె ఎందుకు కూర్చుందో నాకు తెలియలేదు. ఆ ప్రయాణం తర్వాత నేను మళ్లీ ఓడ ఎక్కలేదు.

అక్క చెత్త డబ్బా మీంచి చూపు తిప్పి, "నువ్వు తిన్నవా?" అని అడిగింది.

లేదన్నాను. పనిలో ఉన్నవాళ్లకి మెస్ నాలుగింటికి.

ఆమె కౌంటర్ చివర గోడవారన నేల మీద కూర్చుంది. సంచీలోంచి ఆఖరి భాకరి తీసి మోకాలి మీద పెట్టి విరిచింది. పెద్ద ముక్క మీద పల్లీల పొడి పోసి నాకిచ్చింది. ప్యాసింజర్ల చోట నేను కూర్చోకూడదు. నిలబడే, చేతికి ప్లాస్టిక్ తొడుగుతోనే, గబగబా నమిలాను. అక్క తన ముక్క ఇంకా నోట్లో పెట్టుకోలేదు. పల్లీల డబ్బా వంచి, అడుగున ఉన్న పొడి చేతిలోకి దులుపుకుని, తలెత్తి నన్ను చూసింది.

"ఇంకొంచెం ఎయ్యనా?" అంది. "సిగ్గుపడకు."