శఠగోపం గారి సందేహాలు

శఠగోపం గారికి సందేహం రాని విషయం ఈ భూమ్మీద లేదు. ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టినా, చట్నీ నంజుకోవాలా, పోసుకోవాలా అని కాసేపు ఆగే మనిషి. ఆయన ఉద్యోగమంతా కొండ మీద భక్తులకు దారి చెప్పే కౌంటరులోనే గడిచింది. గదులు ఎక్కడ, గుండు ఎక్కడ, నా చెప్పులెక్కడ అని అడిగినవాళ్ళందరికీ జవాబులు చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. ఇక తన వంతు వచ్చిందనుకున్నారేమో, ఆ మర్నాటి నుంచి అడగడం మొదలుపెట్టారు. అదీ అద్దానికి అవతలి మనిషికి వినిపించాలన్న పాత అలవాటుతో, వీధి వీధంతా వినిపించేలా.

అలిపిరి వెళ్ళే దారిలో నాదో మందుల షాపు. ఒకసారి తలనొప్పి మాత్రకు వచ్చి, "నొప్పి యాడుండాదో దీనికెట్లా తెలుస్తాది అబ్బా?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన మళ్ళీ అడిగారు. చివరికి తలనొప్పి నాకొచ్చింది, మాత్ర నేనే వేసుకున్నాను.

నా షాపుకు ఎదురుగా పవిత్ర అనే అమ్మాయి కంప్యూటర్ సెంటర్ పెట్టింది. పూతలపట్టు పిల్ల, బీకాం చదివింది. "మీ ఆదాయపు పన్ను రిటర్ను మీరే వేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఉచితం. అర్థం కాని చోట నేను చెబుతాను" అని బోర్డు రాయించింది. పక్కన కూర్చుని చెప్పినందుకే ఆమెకు రుసుము. "నేనే వేసుకునేదానికి ఆ పిల్లకెందుకు ఇయ్యల్ల?" అని జనం బోర్డు చదివి నవ్వుకుంటూ పోయేవారు. ఒకరోజు పవిత్ర వాళ్ళ నాయన దేవరాజులు వచ్చి తేల్చి చెప్పేశాడు.

"ఈ జులై నెల సూస్తా. మనిషనేవాడు రాకపోతే ఇది మూసేసి సూళ్లూరుపేట కాడ కంపెనీలో చేరల్ల."

పవిత్ర తలయితే ఊపింది గానీ, ఆ సాయంత్రం షట్టరు దించేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత నాలుగు రోజులకే శఠగోపం గారు ఆ మెట్లెక్కారు. "ఏమ్మా పవిత్రా, నా రిటర్ను నేనే వేసుకోవల్ల. ఆ ఉచితందేదో తెరువు" అన్నారు. ఇక ఆ పిల్లను ఆ వేంకటేశ్వరుడే కాపాడాలి అనుకున్నాను.

"లాగిన్ అవుతారా స్వామీ?"

"పాస్‌వర్డు యోచన చేస్తా ఉండా. అంతవరకూ ఊరికే నింపుకుంటా పోదాం. మొదట ఇది చెప్పు. పోయినేడు పింఛనుకి ఈ యేడు పేరెందుకు పెట్టినారు?"

"పోయినేడు వచ్చినదాన్ని ఈ యేడు లెక్క కడతారు స్వామీ."

"అట్లయితే ఈ యేడు వచ్చేది?"

"వచ్చే యేడు."

"వచ్చే యేడు వచ్చేది?"

పవిత్ర లేచి మంచినీళ్ళు తాగింది.

మర్నాడు వ్యవసాయ ఆదాయం దగ్గర బండి ఆగింది. "మా పెరట్లో కరివేపాకు చెట్టుండాదమ్మా. పక్కింటోళ్ళు ఆకు కోసుకొని చింతపండు ఇచ్చినారు. రాయల్నా?"

"అమ్మలేదు గదా స్వామీ, అక్కర్లేదు."

"చింతపండు శానా మంచిది."

"అయినా అక్కర్లేదు."

ఆ పైరోజు విదేశాల్లో ఆస్తులున్నాయా అన్న ప్రశ్న వచ్చింది. సింగపూరులో షడ్డకుడింట్లో ఆయన గొడుగు మరిచిపోయి వచ్చారట. అది ఆస్తా కాదా? టీ అంగడి దగ్గరి జనం గ్లాసులు పట్టుకుని వచ్చి పవిత్ర సెంటర్ ముందు గుమిగూడారు. పవిత్ర మాత్రం నవ్వకుండా, ఏది ఆస్తి కిందికి వస్తుందో, ఏది రాదో విడమరిచి చెప్పింది. బేరాల్లేని పిల్లను పట్టుకుని ఈ పెద్దమనిషి నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది. తిన్నగా శఠగోపం గారింటికి వెళ్ళి, ఆయన భార్య కోమలవల్లి గారితో చెప్పేశాను.

"అమ్మా, మీవారి రిటర్ను ఏదో నేనే వేయించి పెడతాను. ఆ పిల్లను వదిలేయమనండి."

ఆమె మిక్సీ ఆపింది. "ఆయన రిటర్నా? జూన్‌లోనే తనే కూర్చుని వేసేసినారే. రీఫండు కూడా వచ్చింది. ఈ మిక్సీ దాంతో కొన్నదే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది.

"మరి రోజూ అక్కడ ఆ గొడవేంటమ్మా?"

"ఆ పిల్లని కంపెనీకి పంపిస్తారని తెలిసి ఈయనకి అన్నం సయించలేదు నాయనా. సాయం చేస్తామంటే తీసుకునే పిల్ల కాదు. 'నా కాడ ఉండేది సందేహాలే గదా కోమలా, అవే ఇచ్చొస్తా' అని పోయినారు. గట్టిగా అడిగితేనే గదా, ఆ పిల్లకి ఎంత తెలుసో నలుగురికీ తెలిసేది."

నేను తల గోక్కుంటూ తిరిగొచ్చాను. పవిత్ర సెంటర్లో శఠగోపం గారి పక్క కుర్చీలో రిటైర్డు హెడ్మాస్టరు మునిరామయ్య గారు కూర్చుని ఉన్నారు. "గొడుగు సంగతి అట్లుండనీమ్మా. పన్నుకి పాత పద్ధతి, కొత్త పద్ధతి అంటారే, నాకేది మేలు?" అని అడుగుతున్నారు. "రెండూ వేసి సూద్దాం సార్, మీరే కొట్టండి" అంటోంది పవిత్ర. ఆయన ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతున్నారు. ఆయన తర్వాత ఆయన స్నేహితులొచ్చారు, వాళ్ళ వెనకే టీ అంగడి మొత్తం వచ్చింది.

నెలాఖరుకు కూతుర్ని తీసుకుపోదామని దేవరాజులు సంచీతో దిగాడు. పవిత్రకు తలెత్తి చూసే తీరిక లేదు. "నాయనా, ఎదురు షాపులో కుర్చీలడిగి తీసుకురా" అంది. పాపం, ఆయన సంచీ నా దగ్గర పెట్టి కుర్చీలు మోశాడు. నా స్టూలు కూడా పోయింది.

అంతలో శఠగోపం గారు వచ్చారు. "ఏమ్మా పవిత్రా, నాకొక సందేహం" అన్నారు.

"ఈ పొద్దు కుర్చీ లేదు స్వామీ. రేపు రండి" అంది పవిత్ర.

ఆయన మెట్లు దిగి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు. మనవడికి మొదటి ర్యాంకు వచ్చినా ఆ ముఖం అంత వెలగదు.

"విన్నావా అప్పా? నాకు కుర్చీ లేదంట" అన్నారు.