అవ్వ టమాటాకు నా తిరగమాత

మా మేడమ్ వాళ్ళ అమ్మ పెట్టె విప్పినప్పుడు బట్టలు పైపైన నాలుగే ఉన్నాయి. అడుగున దుప్పటి చుట్టిన మూడు చెక్క పలకలు. నడుమ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ మనిషి రియాద్ దాకా చెక్క మోసుకొచ్చిందేమిటా అని వాటిని తిప్పి తిప్పి చూశాను. రొట్టెలు ఒత్తుకోవడానికేమో అనుకుని గోడకు ఆనించాను.

మేడమ్‌ది సిసిలీ. ఇటలీ కింది కొసన, సముద్రం మధ్యలో ఉండే దీవి. ఇక్కడ ఇంజనీర్ల ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. ఆమె ఇంట్లో వంటావార్పూ నేను చూస్తాను, ఆరేళ్ళుగా. మాది కడప జిల్లా, ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. మేడమ్‌కూ నాకూ మధ్య సగం అరబీ, సగం ఇంగ్లీషు నడుస్తుంది, తక్కువైన చోట చేతులు మాట్లాడతాయి. తండ్రి పోయాక మేడమ్ తల్లిని ఒంటరిగా వదల్లేక విజిట్ వీసా మీద ఇక్కడికి తెచ్చుకుంది.

మొదటి రోజే నేను ఆమెను అవ్వా అన్నాను. ఆమె పలికింది. కానీ పది రోజులైనా కాఫీలో రొట్టె ముక్క ముంచుకోవడం తప్ప ఏమీ తినలేదు. నేను చికెన్ చేసినా అంతే, సూప్ చేసినా అంతే. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

ఒక పొద్దున మేడమ్ వంటింట్లోకి వచ్చి, "అమ్మ ఇట్లాగే ఉంటే నెలాఖరుకు ఉద్యోగం వదిలేసి ఊరికి తీసుకుపోతాను" అంది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మేడమ్ పోతే, నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు ఏమవుతుంది? పూచీ పడే ఇంకో కఫీల్ దొరకాలి, లేకపోతే ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోవాలి. యాభై దాటినదాన్ని ఎవరు పెట్టుకుంటారు? ఊళ్ళో నా చిన్నది ఇంకా నర్సింగ్ చదువుతోంది.

"అవ్వకు ఏమిష్టమో చెప్పండి మేడమ్, నేను చేస్తాను" అన్నాను.

ఆ శుక్రవారం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. అవ్వ తన ఫోన్‌లో బొమ్మలు చూపిస్తుంటే మేడమ్ చెబుతూ పోయింది. మొదటి బొమ్మకే నేను స్టూల్ మీంచి లేచి నిలబడ్డాను. వీధిలో పొగ, బొగ్గులు, ఉల్లికాడలకు చుట్టి కాలుస్తున్న మేక పేగులు. బోటీ! తెల్లవాళ్ళు బోటీ తింటారా? అంతవరకూ వాళ్ళ తిండంటే కేకులు, ఉడకబెట్టిన గుడ్లు అనే నా లెక్క. తర్వాతి బొమ్మలో దూడ కడుపులోని తిల్లి ముక్కల్ని వేయించి బన్నులో కుక్కారు. ఆ తర్వాత శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, పలుచగా కోసి నూనెలో వేశారు.

"ఇది మా బజ్జీల పిండే కదా!" అని తెలుగులోనే అరిచాను. అవ్వ నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు.

నవంబరులో ఒక రోజు చచ్చిపోయిన పెద్దవాళ్ళు వచ్చి పిల్లలకు మిఠాయిలు పెట్టి పోతారట. పొద్దున్నే పిల్లలు మంచాల కింద వెతుక్కుంటారట. అవ్వకు వాళ్ళ తాత చక్కెర బొమ్మ తెచ్చాడట, ఆయన పోయిన రెండేళ్ళకు. నేను తౌబా తౌబా అని చెంపలు వేసుకున్నాను.

అసలు దెబ్బ చివర్న తగిలింది. వాళ్ళ ఊళ్ళో పెద్ద చర్చి ముందర ఒక రాతి స్తంభం, దాని మీద చెక్కిన అక్షరాలు. బడిలో నేను ఐదు దాకే చదివాను గానీ, మసీదులో అరబీ అక్షరాలు నేర్పించారు. ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని కూడబలుక్కున్నాను. ఖురాన్ మాటలు. చర్చి స్తంభం మీద!

మేడమ్‌కు అదేమీ వింత కాదు. ఒకప్పుడు ముస్లిములు రెండు వందల ఏళ్ళు ఆ దీవిని ఏలారట. చర్చి ఉన్న చోట అప్పుడు మసీదు ఉండేదట. నిమ్మచెట్లు, చెరకు వాళ్ళు తెచ్చినవేనట. తర్వాత వచ్చినవాళ్ళు స్తంభాన్ని పారెయ్యకుండా నిలబెట్టుకున్నారు.

"నాకు రియాద్‌లో ఉద్యోగం అంటే ఊరంతా భయపడింది. అమ్మ మాత్రం, పాత చుట్టాల దగ్గరికే కదా అంది" అని మేడమ్ నవ్వింది.

అప్పుడు అవ్వ లేచి కిటికీ దగ్గరికి పోయింది. బయట జూన్ ఎండ కళ్ళు పొడుస్తోంది. దాన్ని చూపించి ఏదో అంది. మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. "టమాటాలు కావాలట. చాలా కావాలట."

మేడమ్ కారు నడిపే డ్రైవర్‌కు ఫోన్ చేశాను, నాకు తమ్ముడి లాంటివాడు. అతనిది మదనపల్లె, టమాటాలకు పేరుపడ్డ ఊరు.

"ఎన్ని కావాలక్కా?"

"పది పెట్టెలు. అల్ ఖర్జ్ తోటలవి, బాగా మాగినవి చూసి తే."

"పది పెట్టెలా? ఏందక్కా, ఆ ముసలమ్మకు పెండ్లి చేస్తాండావా?"

"నోరు మూసుకోని తే అబ్బీ."

"మదనపల్లె వానికి టమాటా గురించి చెప్తాండావే!"

అవ్వ వాటిని ఉప్పేసి ఉడికించింది. తొక్క, గింజ లేకుండా జల్లెడలో రుద్దింది. గోడకు ఆనించిన పలకలకు అప్పుడు పని తగిలింది. మిద్దె మీద వాటిని పరిచి, గుజ్జు పోసి, మోచేతుల దాకా ఎరుపు పూసుకుని కలుపుతుంటే నేను మెట్ల మీదే నిలబడిపోయాను. ఇది మా అమ్మ చేసే పని. ఉప్పు, టమాటా, ఎండ, పైన దుమ్ము పడకుండా పలుచటి గుడ్డ. వాళ్ళు దాన్ని స్త్రాత్తు అంటారట. అక్కడ వారం పట్టేది ఇక్కడ మూడు రోజులే. రెండో రోజు అవ్వ పలక అంచున ఎండినదాన్ని రొట్టెతో తుడుచుకుని, జైతూన్ నూనె, అదే ఆలివ్ నూనె వేసుకుని రొట్టె మొత్తం తినింది. మేడమ్ వెనక నుంచి నా భుజం నొక్కింది.

మూడో రోజు బీపీ చూపించడానికి ఇద్దరూ ఆసుపత్రికి పోయారు. పోతూ మేడమ్, "సాయంత్రం అసర్ నమాజు బాంగ్ అయ్యాక ముద్ద తీసి జాడీలో పెట్టు" అంది.

తీశాను. నాలుక మీద వేసుకుంటే ఉప్పూ టమాటా తప్ప ఏమీ లేదు. మా ఇంట్లో ఉప్పేసి ఎండబెట్టిన టమాటా అంటే సగం పనే. చింతపండు పడాలి, కారం, మెంతిపిండి పడాలి, తిరగమాత పెట్టాలి. లేకపోతే బూజు పడుతుంది. పాపం, ముసలావిడకు ఓపిక చాల్లేదనుకున్నాను. వచ్చేసరికి పూర్తి చేసి ఉంచితే సంతోషపడుతుందని ఊరి నుంచి తెచ్చుకున్న కారం దాచుకోకుండా వేశాను. ఆవాలు, ఎండుమిర్చి, రెండు గడ్డల వెల్లుల్లి. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

అవ్వ వస్తూనే జాడీ మూత తీసి చిటికెన వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. మొహం కందగడ్డయింది. దగ్గు. నీళ్ళు ఇచ్చాను, తాగలేదు. కళ్ళు తుడుచుకుని జాడీకి మూత పెట్టేసింది. కడిగి పెట్టిన పలకలు మూడూ తీసుకుని గదిలోకి పోయింది. తలుపు సందులోంచి నాకు కనిపించింది. వాటికి దుప్పటి చుట్టి పెట్టెలో సర్దుతోంది.

"మొత్తం వేశావా?" అంది మేడమ్.

"మొత్తం, మేడమ్."

"అది ఏడాదంతా కూరల్లో చెంచాడు చెంచాడు వేసుకునేది. నాన్న పోయాక అమ్మ చెయ్యి పెట్టిన మొదటి పని అది." ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేశాను. "ఇంకో పది పెట్టెలు తే అబ్బీ."

"రెండో పెండ్లా అక్కా?"

"నా ఎగ్జిట్ పెండ్లి. బిన్నా తే, ఎండ ఎక్కకముందే."

ఉడికించాను, రుద్దాను. పలకలు అడగడానికి మొహం చెల్లక స్టీలు పళ్ళాల్లో పోసి మిద్దె మీద పెట్టాను. గంటకల్లా పళ్ళెం కాలి అంచుల్లో మాడు వాసన లేచింది. గరిటెతో గీకుతూ ఉంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. అవ్వ. చంకలో పలకలు. వస్తూనే నా మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఐదు వేళ్ళూ మొన చేర్చి నా ముక్కు ముందర ఆడిస్తూ వాళ్ళ భాషలో దులిపేసింది.

నేనూ ఊరుకోలేదు. "పలకలు నువ్వు పెట్టెలో దాపెట్టుకుంటే నేను యాడ పరచాల అవ్వా? నా తలకాయ మీదనా?"

ఆమె ఇంకా గట్టిగా అరిచింది. నేనూ అరిచాను. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి భయపడి లోపలికి పోయింది. ఇద్దరికీ ఊపిరి అయిపోయాక అవ్వ నా అరచెయ్యి లాక్కుని, జైతూన్ నూనె పోసి, గుజ్జులో అదిమి, పలక ఈ కొస నుంచి ఆ కొసకు లాగించింది. మాడినదంతా పారబోయించింది. మూడు రోజులూ పలకల పక్కనే నీడలో కుర్చీ వేసుకుని కాపలా కాసింది. నన్ను ఒంటరిగా వదల్లేదు.

ముద్ద జాడీకి ఎక్కిన రోజు మధ్యాహ్నం నేను నా మటుకు కందిపప్పు ఉడకేసుకున్నాను. అవ్వ వచ్చింది. జాడీలోంచి గుప్పెడు తీసి నా పప్పులో పడేసింది.

"అవ్వా!" అని గిన్నెకు చేతులు అడ్డం పెట్టాను. అప్పటికే అయిపోయింది. ఆమె గడ్డంతో అలమర వైపు చూపించింది. అక్కడ నేను తిరగమాత పెట్టిన మొదటి జాడీ ఉంది.

పప్పు ముదురు ఎరుపుకు తిరిగింది. తీపి, పులుపు, ఎండ వాసన. కారమే లేదు. పారబోస్తే ఆమె ఊరుకోదు. రెండు పళ్ళాలు పెట్టాను. ఆమె రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంటుంటే నేను నా పళ్ళెం సంగతి మరిచిపోయాను.

ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్ భుజాన సంచితోనే గుమ్మంలో ఆగిపోయింది. తల్లిని ఏదో అడిగింది. అవ్వ తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"వీసా పొడిగించమంటోంది. ఆ జాడీ అయిపోయేదాకా పోదట" అంది మేడమ్.

నేను లేచి జాడీ మూత గట్టిగా బిగించాను.