మొదటిసారి వినే ముఖం

ఆక్లండ్ శివారు టకానినిలో, రైలు గేటు దగ్గర గంట మోగుతోంది. వాన గట్టిగా లేదు, ఆగే ఉద్దేశమూ లేదు. హీటరు గాలికి తడి కోటు వాసన కారంతా తిరుగుతోంది. ముందు కారు ఎర్ర దీపాలు అద్దం మీది చినుకుల్లో ఒకటికి పదిగా చీలి వణుకుతున్నాయి. ఇలాంటి పొద్దుటిపూట, ఇదే దారిలో, స్టీరింగ్ ముందు కూర్చున్నది నేనే అయినా, ఒక్క క్షణం నేను పక్క సీటులో ఉన్నాననీ, నా కుడివైపు కామేశ్వరి గారు డ్రైవ్ చేస్తున్నారనీ అనిపిస్తుంది.

ఆవిడ మీకు తెలియదు. రెండువేల మూడులో నేను న్యూజిలాండ్ వచ్చి, ఆక్లండ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినప్పుడు మా టెస్టింగ్ టీముకి పెద్ద ఆవిడే. కాకినాడ మనిషి, యాభై దాటిన వయసు. ఆఫీసులో కివీలు, అంటే ఈ దేశంవాళ్ళు, నోరు తిరగక 'కామ్' అని పిలిచేవాళ్ళు. ఇంగ్లీషులో దానికి ప్రశాంతత అని అర్థం. ఆవిడ తప్పులు పట్టిన ప్రోగ్రాములు రాసినవాళ్ళకి మాత్రం ఆ అర్థం తట్టిన దాఖలా లేదు. నన్ను మొదటిరోజే హెచ్చరించారు: "ఇక్కడ మేడమ్ అనకు, నవ్వుతారు. ఆంటీ అనకు, నేను నవ్వను." అలా 'గారు' దగ్గర రాజీపడ్డాం. నాకప్పటికి కారు లేదు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు పోయింది. గుంటూరులో నేర్చిన డ్రైవింగ్‌ని ఇక్కడి ఇన్‌స్పెక్టరు ఒక కళగా గుర్తించలేకపోయాడు. ఆవిడ కూడా టకానినిలోనే ఉండేవారు కనుక రోజూ వాళ్ళ కారులోనే నా ప్రయాణం.

అందుకు బదులుగా నేను చేయవలసిన పని ఒకటుండేది. ఆఫీసులో ఎవరు కనబడినా ఆవిడ, మీకు ప్రాణమైన ఆల్బమ్ ఒకటివ్వండి అని అడిగేవారు. సాయంత్రం ఆ సీడీ నా చేతిలో పెట్టేవారు. నేనది ఇంట్లో ఒక్కసారి, ఒక్కసారే, వినాలి. మర్నాడు కారులో ఏమనిపించిందో చెప్పాలి. "రెండోసారి వింటే నీ బుర్ర సర్దుకుంటుంది, శేఖర్. సర్దుకున్న బుర్ర నాకెందుకు?" అనేవారు. మొదటి సీడీ మా మేనేజరు ఇచ్చింది, అంతా గిటార్ల హోరు.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"ఏం బాగుంది?"

"అంటే... మొత్తం."

"బగ్ రిపోర్టులో కూడా 'మొత్తం' అనే రాస్తున్నావా? ఎన్నో పాట, ఎన్నో నిమిషం, ఏమైంది. అది చెప్పు."

విస్తట్లో అన్నం పడకముందే వంట బాగుందనే ఇంట్లో పెరిగినవాణ్ణి. నిజం చెప్పడానికి మోటార్‌వే ఎక్కేదాకా పట్టింది. "రెండో పాట మొదట్లో, ఎవరో స్టీలు సామానంతా కింద పడేసి, ఏరుకోకుండా వెళ్ళిపోయినట్టుందండి." ఆవిడ ఓ క్షణం ఆలోచించి, నవ్వి, "ఆఁ, ఇప్పుడు వినిపించింది" అన్నారు. అదేదో మాటవరసకి అన్నారనుకున్నాను. కాదు. ఆవిడకి వినికిడి పోతోంది. పూర్తిగా పోయేలోపు వినగలిగినంత వినాలని ఆ సీడీల సేకరణ. తనకి అందని చోట్లు నా నోటి వెంట వినాలని ఆ ప్రశ్నలు. ఇది నాకు తెలియడానికి ఏడాది పట్టింది. తెలిసిన తీరు కూడా నాకు గౌరవప్రదమైంది కాదు.

మా టీములో ఈ దేశపు మూలవాసులైన మావోరీల్లోంచి వచ్చిన హేమీ అనే ఇంజినీరు వాళ్ళ పిన్ని బృందం పాడిన ఆల్బమ్ ఇచ్చాడు. ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉంది. మ్యాచ్ చూశాను, పడుకున్నాను. పొద్దున కారులో కూర్చుని, ఏడాది అనుభవంతో అందుకున్నాను: "చాలా ప్రశాంతంగా ఉందండి. నాలుగో పాటలో ఆవిడ గొంతు పైకి వెళ్ళినప్పుడు కొండల మీద పొగమంచు లేస్తున్నట్టు..."

ఆవిడ ప్లేయర్ బటన్ నొక్కారు. కారు నన్ను వెక్కిరిస్తూ నాలుక చాపినట్టు హేమీ సీడీ బయటికొచ్చింది.

"నిన్న నేను విని, తీయడం మర్చిపోయాను. నీకిచ్చింది ఖాళీ డబ్బా."

నిజంగానే ఎదర పొగమంచు కమ్మింది, నా మర్యాద కాపాడటానికి మాత్రం అది చాలలేదు. ఒటాహుహు దాటాక ఆవిడే మొదలుపెట్టారు. "ఆ పాడే ఆవిడ గొంతు పైకి వెళ్ళేచోట నాకు పాట ఆగిపోతుంది. నిన్న మూడుసార్లు వేసుకున్నాను. నువ్వు చెబుతావు కదా అని పొద్దున్నే ఎదురుచూశాను."

"డాక్టరుకి చూపించారా?"

"రెండేళ్ళ నుంచీ. పై స్వరాలు ముందు పోతాయట. పెళ్ళిభోజనంలో లేచినట్టు ఒక్కొక్కటే లేచి వెళ్తున్నాయి."

"ముందే చెప్పొచ్చు కదండీ."

"చెబితే జాలిపడి వింటావు. జాలిపడ్డ చెవికి అన్నీ మధురంగానే ఉంటాయి."

ఆ సాయంత్రం దీపం ఆర్పేసి విన్నాను. మర్నాడు చెప్పాను: "పైకి వెళ్ళిన చోట గొంతు కొంచెం చీలిందండి. ఆవిడ ఆపలేదు. వెనకవాళ్ళు తగ్గి, ఆవిడకి దారిచ్చారు." కామేశ్వరి గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "దారిచ్చారా" అని మెల్లగా అన్నారు. సిటీ వచ్చేదాకా ఆ మాటతోనే ఉన్నట్టున్నారు. నేను పొద్దుటిపూట అబద్ధం మానేసింది ఆ రోజునుంచే.

మరో మూడేళ్ళకి ఆవిడ ఉద్యోగం మానేసి క్రైస్ట్‌చర్చ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అప్పటికి చెవి మిషను పెట్టుకున్నా, కారు చప్పుడులో నా మాటలు సగమే అందేవి. ఆఖరి శుక్రవారం మాంగెరే దగ్గర సముద్రపు నీళ్ళకెదురుగా కారు ఆపి, హెడ్‌ఫోన్లు నా తలకి తగిలించారు.

"ఎవరిచ్చారండి?" అని కొంచెం గట్టిగా అడిగాను.

"నాదే. ఇరవయ్యేళ్ళ వయసులో విన్నాను. మొదటిసారి ఎలా ఉండిందో మర్చిపోయాను. నువ్వేం చెప్పకు. ముఖం ఇటు పెట్టి విను, చాలు."

వీణ. నాకు వీణకీ సితారుకీ తేడా బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. ఆవిడ నా ముఖాన్నే చూస్తున్నారు, ఫలితాల కోసం గోడమీద నంబర్లు వెతికినట్టు. మూడోదానిలో, ఎంత బిగబట్టినా ఆగక, ఆవలించాను. ప్రాణం చచ్చిపోయింది. ఆవిడ ముఖం విప్పారింది. "మూడోదే కదా? నేనూ అక్కడే ఆవలించాను. మా నాన్న తొడపాశం పెట్టాడు."

ఐదోదానిలో ఏం జరిగిందో నేను చెప్పలేను. మాటలేవీ రాలేదు, పొగమంచులూ రాలేదు. బయట ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గి, బురద మీద వెలుతురు పడుతోంది. కాసేపయ్యాక చూస్తే, ఆవిడ చూపు నా ముఖం మీదే ఉంది, వేళ్ళు స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాయి. ఆ కారులో ఆవిడకి ఏ చప్పుడూ లేదు. వేళ్ళు నాకు వినబడే వీణకంటే ఒక్క రవ్వ వెనకగా, కానీ తప్పకుండా, పడుతున్నాయి.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మా అమ్మాయి ఏదో కొత్త ఆల్బమ్ పెట్టి, నా వంక చూసి, "డాడ్, మీ ఫేస్ చాలా వియర్డ్‌గా ఉంది" అంటుంది. నేను పాట నడుస్తుండగా, ముఖం మీద వెలుతురు బాగా పడేలా, కిటికీ వైపు కొంచెం జరిగి కూర్చుంటాను.